పెట్రోల్ బంక్ పోయి కన్వీనియెన్స్ స్టోర్ వస్తే ట్రాఫిక్ ఎంత మారుతుంది? లెక్క వేసే పద్ధతి

పెట్రోల్ బంక్ స్థలంలో కన్వీనియెన్స్ స్టోర్ పెట్టే ప్రతిపాదనల రిపోర్టులు చాలా చదివాను, రాశాను. చాలావాటిలో ఒకే తప్పు. బంక్‌కి ఇన్ని బళ్లు, షాపుకి ఇన్ని, తేడా ఇంత అని ఒక్క తీసివేతతో ముగించేస్తారు. ఆ అంకెను నమ్మి అనుమతి ఇస్తే ఇబ్బంది పడేది ఆ రోడ్డు మీద తిరిగేవాళ్లు.

కావాల్సినవి స్థలం ప్లాన్, కౌంట్ షీట్లు, ఒక స్ప్రెడ్‌షీట్. అంతే.

ముందు బంక్ గేట్ల దగ్గర లెక్కపెట్టండి. పనిరోజు ఉదయం 7 నుంచి 9, సాయంత్రం 4 నుంచి 6, శనివారం మధ్యాహ్నం. ప్రతి 15 నిమిషాలకీ అంకె రాసుకోండి. వరుసగా నాలుగు అంకెలు కలిపితే ఎక్కడ ఎక్కువ వస్తుందో అదే పీక్ అవర్. బండి లోపలికి రావడం ఒక ట్రిప్, బయటికి పోవడం ఇంకో ట్రిప్. ఈ పనికి కెమెరా వద్దు, మనిషే కూర్చోవాలి. మూల మీది బంక్ అయితే సిగ్నల్ తప్పించుకోవడానికి లోపలినుంచి దూరిపోయే బళ్లు ఉంటాయి. వాటిని కస్టమర్లుగా కలపకూడదు.

బంక్ ఎప్పుడో మూతపడి ఉంటే ఇప్పటి ట్రాఫిక్ సున్నా. షాపు ట్రిప్పుల్లోంచి బంక్ పాత ట్రిప్పులను తీసివేయవచ్చో లేదో అనుమతి ఇచ్చే ఆఫీసును ముందే అడిగి, రాతపూర్వకంగా తీసుకోండి.

షాపు ట్రిప్పులకు అమెరికాలో ఐటీఈ (రవాణా ఇంజనీర్ల సంస్థ) ట్రిప్ జనరేషన్ మాన్యువల్, బ్రిటన్‌లో ట్రిక్స్ డేటాబేస్ వాడతారు. ఇప్పటికే ఉన్న స్థలాల దగ్గర లెక్కపెట్టిన ట్రిప్పులే వీటిలో ఉంటాయి. ఐటీఈలో పంపులున్న షాపుకి, పంపుల్లేని షాపుకి వేర్వేరు కేటగిరీలు. సరైనదే తీసుకోండి. నేనైతే అదే సైజు షాపులు రెండింటి దగ్గర నిలబడి లెక్కపెట్టాకే మాన్యువల్ రేటును (షాపు సైజును బట్టి ఎన్ని ట్రిప్పులో చెప్పే అంకెను) నమ్ముతాను. అది సగటు మాత్రమే. ఒక్కో షాపు దానికి చాలా దూరంగా ఉంటుంది.

ఇక అసలు చిక్కు పాస్-బై ట్రిప్పులు. ఎలాగూ ఆ రోడ్డు మీద పోతూ మధ్యలో ఆగే బళ్లు ఇవి. ఇవి రోడ్డుకి కొత్త బళ్లు కావు. ఈ వాటా బంక్‌కి వేరు, షాపుకి వేరు. అందుకే మొత్తాలను తీసివేసి, మిగిలినదాని మీద ఒకే శాతం కొట్టకూడదు.

అర్థం కావడానికి ఊహించిన అంకెలు చూడండి. పీక్ అవర్‌లో బంక్‌కి 120 ట్రిప్పులు, పాస్-బై 60 శాతం. అంటే 72 పాస్-బై, 48 ఆ బంక్ కోసమే వచ్చినవి. షాపుకి 110, పాస్-బై 40 శాతం. అంటే 44 పాస్-బై, 66 షాపు కోసమే వచ్చినవి. మొత్తం చూస్తే 10 తగ్గాయి, కానీ ఆ చుట్టుపక్కల రోడ్లకు 18 కొత్త ట్రిప్పులు వచ్చాయి. తగ్గిందని రాసిన రిపోర్టు ఇక్కడ పూర్తిగా తప్పు.

రెండో జాగ్రత్త: గేటు దగ్గర పాస్-బైని తీసేయకండి. రోడ్డుకి కొత్త కాకపోయినా ఆ బండి గేటులో తిరుగుతుంది, మళ్లీ బయటికి వస్తుంది. కాబట్టి గేటు ముందు నేరుగా పోయే లెక్కలో ఒకటి తగ్గించి, లోపలికి మలుపులో ఒకటి, బయటికి మలుపులో ఒకటి కలపాలి. ఏ దిశలో పోతున్న బండిని ఆ దిశలోనే తిరిగి పంపండి. గేటు సామర్థ్యం చూసేటప్పుడు పై ఉదాహరణలో 110 ట్రిప్పులూ ఉండాలి, 66 కాదు.

పాస్-బై శాతం తెలియడానికి ఇలాంటి షాపు బయట కస్టమర్లనే అడగండి: "ఈ షాపు కోసమే బయలుదేరారా, దారిలో ఆగారా?" వేరే రోడ్డు మీద పోతూ ఇటు మళ్లినవాళ్లను పాస్-బైలో కలపకండి. ఈ రోడ్డుకి వాళ్లు కొత్తవాళ్లే.

చివరగా ప్లాన్ మీద సరుకు లారీ తిరిగే దారి గీయండి. బంక్‌లో ట్యాంకర్‌కి చాలినంత ఖాళీ ఉండేది, పార్కింగ్ గీతలు పడ్డాక అది ఉండదు. లారీ రోడ్డు మీదికి వెనక్కి రావాల్సి వస్తే గేటు చోటు మార్చమని రిపోర్టులోనే రాయండి.