మాన్యువల్ లేని యంత్రాన్ని చదవడం – 4వ పాఠం: కాటా పంపే అంకెలు

పలమనేరు దగ్గరి పాలకేంద్రంలో ఎలక్ట్రానిక్ కాటాకు సీరియల్ కేబుల్ తగిలించి, లినక్స్ ల్యాప్‌టాప్‌లోకి ఏవో బైట్లు వస్తున్నాయని పోయిన పాఠంలో చూశాం. కాటాతో ఇచ్చిన కాగితంలో ఆన్ చేయడం, సున్నాకు తేవడం తప్ప ఇంకేమీ లేదు. ఏ వేగంతో ఏం పంపుతుందని అడిగితే తయారీదారు తమ సాఫ్ట్‌వేర్ కొనుక్కోమన్నారు. సరే, కాటానే అడుగుదాం. పాలు పోసే వేళ కాకుండా, కేంద్రం వాళ్లకు చెప్పే ఈ పని చేయండి. కాటాను మాత్రం విప్పకండి, దాని మీద తూనికలు కొలతల శాఖ ముద్ర ఉంటుంది.

ముందు వేగం. ఎస్‌టీటీవై (stty) ఆదేశంతో సెకనుకు 9600, 4800, 2400, 1200 బిట్ల వేగాలు ఒక్కొక్కటే పెట్టి, ఓడీ (od) ఆదేశంతో బైట్లను మామూలు అంకెల్లో చూడండి. వేగం కుదిరితే ఒకే పొడవున్న వరసలు మళ్లీ మళ్లీ వస్తాయి.

ఇప్పుడు తెర మీద 12.50 ఉందనుకోండి. ఆస్కీలో, అంటే ఒక్కో అక్షరానికి ఒక్కో సంఖ్య ఇచ్చే పట్టికలో, 1కి 49, 2కి 50, చుక్కకు 46, 5కి 53, సున్నాకు 48. అంటే 49 50 46 53 48 రావాలి. దాని బదులు 177 178 46 53 48 వచ్చిందా? మొదటి రెండూ సరిగ్గా 128 చొప్పున పెరిగాయి చూడండి. కాటా ఏడు బిట్లే పంపి, ఎనిమిదోదాన్ని ఈవెన్ పారిటీకి, అంటే ఒకట్ల లెక్క ఎప్పుడూ సరిసంఖ్య అయ్యేలా చూడడానికి, వాడుతోంది. బిట్లలో ఒకట్లు బేసి సంఖ్యలో ఉంటే ఎనిమిదోదాన్నీ ఒకటి చేస్తుంది. బైనరీలో రాస్తే 49లో మూడు ఒకట్లు, 53లో నాలుగు. అందుకే అది మారింది, ఇది మారలేదు. వరస చివర 13 పంపే కాటా అయితే అదీ 141గా కనబడుతుంది. ల్యాప్‌టాప్‌లో సెట్టింగును ఏడు బిట్లు, ఈవెన్ పారిటీకి మార్చగానే అన్నీ కుదురుకుంటాయి. ఈ పని మొత్తంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం ఇదే.

ఆ తర్వాత ఒక్కసారికి ఒక్కటే మార్చండి: ఖాళీ కాటా, క్యాన్ పెట్టిన కాటా, క్యాన్ ఊగుతున్న కాటా. ఊగేటప్పుడు మాత్రమే మారే బైటు బరువు నిలకడను చెప్పేది కావచ్చు. దాన్ని పట్టించుకోకుండా రాసుకుంటే నష్టపోయేది పాలు పోసిన రైతు.

ఇంతా చేసి మనకు తెలిసేది మన కళ్ల ముందు జరిగినంతే. లోడ్‌సెల్ (కాటాలో బరువును పసిగట్టే భాగం) చెడిపోతే కాటా ఏం పంపుతుందో అది చెడిపోయేదాకా మన ప్రోగ్రాంకు తెలియదు. తయారీదారు చెప్పనిదాన్ని ఇలా బయటినుంచి వెతుక్కోవడం బ్రాడ్‌కామ్ కంపెనీ వైఫై చిప్‌ల విషయంలోనూ జరిగింది. కంపెనీ డ్రైవర్‌ను (చిప్‌ను నడిపే ప్రోగ్రాంను) విడదీసి ఒక బృందం చిప్ నడక అంతా రాసిపెడితే, ఆ రాత చూసి వేరేవాళ్లు లినక్స్ డ్రైవర్ రాశారు. కంపెనీ బీరువాలో అప్పటికే ఉన్న సమాచారం కోసం అంత చాకిరీ! 2010లో ఆ కంపెనీయే కొత్త చిప్‌లకు సోర్స్‌తో సహా డ్రైవర్ ఇచ్చింది. ఏఎండీ అనే మరో చిప్ కంపెనీ అయితే 2007లోనే తన గ్రాఫిక్స్ చిప్‌ల రిజిస్టర్ల (చిప్‌ను నడిపించే లోపలి గడుల) వివరాలు బయటపెట్టడం మొదలుపెట్టింది. రేణిగుంటలో, శ్రీసిటీలో ఎలక్ట్రానిక్స్ తయారవుతున్న ఈ ప్రాంతంలో ఒక కాటా భాష కోసం ఇంత వెతుక్కోవాల్సి రావడం నాకు బాధగా ఉంది.

ఇంటిపని: మోడల్, వేగం, పారిటీ, వరస పొడవు, ఏ బైటు ఎప్పుడు మారిందీ నోటుబుక్కులో రాయండి. ఊహించిన చోట ఊహ అనే రాయండి. బరువుతో పాటు మారుతూ, అంకె కాని బైటు వరస చివర్లో కనిపిస్తే చుట్టూ గీత గీసి ఉంచండి. వచ్చే పాఠం చెక్‌సమ్ (వరసలో తప్పు దొర్లిందా అని సరిచూసే లెక్క) గురించి, ఆ బైటుతోనే మొదలుపెడతాం.