రిలీఫ్ పిచర్ విలువను ఎలా లెక్కగట్టాలి? అతన్ని ఎప్పుడు దింపాలి?

అక్టోబరులో అమెరికా తూర్పు తీరాన రాత్రి ఎనిమిదికి మొదలయ్యే బేస్‌బాల్ మ్యాచ్, విశాఖపట్నంలో తెల్లవారి అయిదున్నరకు వస్తుంది. బీచ్ రోడ్డు నడక మానుకుని దాన్ని చూసే నాకు అన్నిటికన్నా ఆసక్తి కలిగించేది, మొదటి పిచర్ (బంతి విసిరేవాడు) అలసిపోయాక బంతి అందుకునే రిలీఫ్ పిచరే.

అతన్ని అంచనా వేయాలంటే ముందుగా సేవ్‌ల (కొద్దిపాటి ఆధిక్యాన్ని చివరిదాకా కాపాడిన రిలీఫ్ పిచర్‌కు దక్కే గుర్తింపు) సంఖ్యను పక్కన పెట్టండి. 1969 నుంచి అధికారిక లెక్కల్లో ఉన్న సేవ్, మూడు పరుగుల ఆధిక్యంతో చివరిదైన తొమ్మిదో ఇన్నింగ్స్‌కు వచ్చి రెండు పరుగులిచ్చి గెలిపించినవాడికీ దక్కుతుంది. ఏడో ఇన్నింగ్స్‌లో బేస్‌లన్నీ (రన్నర్లు ఆగే మూడు స్థానాలు) నిండి ఉండగా వచ్చి, ఒక్క పరుగూ రానీయకుండా గట్టెక్కించి వెళ్లినవాడికి దక్కదు.

తరువాత ఈఆర్‌ఏను (ఫీల్డర్ల తప్పుల వల్ల వచ్చినవి మినహా, తొమ్మిది ఇన్నింగ్స్‌కు పిచర్ ఇచ్చే పరుగుల సగటు) జాగ్రత్తగా చదవండి. ముందు పిచర్ బేస్‌ల మీద వదిలివెళ్లిన రన్నర్లు పరుగులు చేస్తే అవి ఆ ముందు పిచర్ ఖాతాలోకే పోతాయి కనుక, కొత్తగా వచ్చినవాడి తప్పు కనిపించదు. అందుకే నా స్కోరు కాగితంపై పిచర్ మారినచోట ఎర్రగీత గీసి, అప్పటికి బేస్‌ల మీద ఎందరున్నారో, వారిలో ఎందరు హోమ్ చేరి పరుగు చేశారో రాసుకుంటాను. సీజన్‌లో రిలీఫ్ పిచర్ వేసేది అరవై, డెబ్బై ఇన్నింగ్స్ మాత్రమే కాబట్టి అదృష్టం పాలు ఎక్కువ. ఎదుర్కొన్న బ్యాటర్లలో ఎంత శాతాన్ని స్ట్రైకౌట్ (మూడు స్ట్రైక్‌లతో అవుట్) చేశాడు, ఎంత శాతానికి వాక్ (నాలుగు చెడ్డ బంతులతో ఉచితంగా మొదటి బేస్) ఇచ్చాడు అన్నదే నమ్మదగిన కొలత.

ఇక వాడకం. మేటి పిచర్‌ను తొమ్మిదో ఇన్నింగ్స్‌కని దాచకుండా, మ్యాచ్ ఎటైనా తిరగగల ఘడియలోనే దింపాలి. 2016లో 47 అవకాశాలకు 47 సేవ్‌లు సాధించిన జాక్ బ్రిటన్‌ను బాల్టిమోర్ జట్టు, ఓడితే ఇంటికే అయిన వైల్డ్ కార్డ్ మ్యాచ్‌లో ఆధిక్యం కోసం ఎదురుచూస్తూ దింపనేలేదు. స్కోరు సమమై అదనంగా సాగిన 11వ ఇన్నింగ్స్‌లో టొరంటో ఆటగాడు ఎన్‌కార్నసియోన్ మూడు పరుగుల హోమ్‌రన్ కొట్టడంతో బాల్టిమోర్ ఓడింది. అదే నెలలో క్లీవ్‌లాండ్ జట్టు ఆండ్రూ మిల్లర్‌ను మధ్య ఇన్నింగ్స్‌లలోనే దింపి వరల్డ్ సిరీస్‌కు (ఫైనల్‌కు) చేరింది. చివరి ఓవర్‌కని మంచి బౌలర్‌ను దాచి పదిహేడో ఓవర్లోనే మ్యాచ్ పోగొట్టుకునే కెప్టెన్‌పై పి.ఎం.పాలెం స్టేడియంలో మనకెంత బాధ కలుగుతుందో, బ్రిటన్ విషయంలో నాకు ఇప్పటికీ అంత బాధ ఉంది.

2020 నుంచి ఉన్న నియమం ప్రకారం, దిగిన పిచర్ కనీసం ముగ్గురు బ్యాటర్లకైనా వేయాలి, లేదా ఆ సగం ఇన్నింగ్స్ ముగించాలి. కనుక పిలిచే ముందు రాబోయే ముగ్గురిలో ఎడమచేతివాళ్లు ఎందరో చూడండి (వారిని ఎడమచేతి పిచర్ సాధారణంగా మెరుగ్గా కట్టడి చేస్తాడు). వరుసగా రెండు రోజులు వేసి ఉంటే, మూడో రోజు అతన్ని బుల్‌పెన్‌లోనే (రిలీఫ్ పిచర్లు వేచి ఉండే చోటు) కూర్చోనివ్వండి.