లిల్ సంతలో జమ్ము అల్లిక కుర్చీలు కొనే ముందు

సెప్టెంబరు తొలి వారాంతంలో ఫ్రాన్స్‌లోని లిల్‌లో పాత సామాన్ల సంత. సీటును జమ్ము గడ్డితో అల్లిన 1950ల నాటి చెక్క కుర్చీల మీద మనసుంటే ఇవి చూసుకోండి.

– కుర్చీని తలకిందులు చేసి తట్టండి. సన్న రంధ్రాల్లోంచి తాజా పొడి రాలితే పుచ్చు పురుగు ఇంకా లోపలే ఉన్నట్టు. ఎంత చవకైనా వదిలేయండి, ఇంట్లోని మిగతా చెక్కకూ పాకుతుంది. పొడి రాలని పాత రంధ్రాలకు అంత భయం అక్కర్లేదు.

– అల్లికను అరచేత్తో నొక్కండి, ముందు అంచు దగ్గర మరీను. పెళపెళమంటే తిరిగి అల్లించాల్సిందే. ఆ కూలి కుర్చీ ధరను మించిపోవచ్చు.

– పట్టుకుని ఊపండి. వదులైన అతుకు జిగురుతో బిగుస్తుంది, మేకులు దిగిన అతుకుతోనే కష్టం.

– ఫ్రెంచ్ డిజైనర్ షార్లట్ పెరియాండ్ పేరు చెప్పి ధర పెంచితే ఆధారం అడగండి. జమ్ము కుర్చీలన్నీ ఆమెవి కావు.

– ఆరు కొంటే ఆరింటిలోనూ కూర్చోండి. ఎత్తులు తేడాగా ఉంటాయి.