టెంపరింగ్ ఫర్నేస్ కట్టడం ఎలా?

ఉక్కుని గట్టిపరిచే హార్డెనింగ్ ఫర్నేస్‌నే తక్కువ వేడికి పెట్టి టెంపరింగ్ (గట్టిపడ్డ ఉక్కు పెళుసుదనం తగ్గేలా మళ్లీ వేడిచేయడం) చేస్తే పై ట్రే షాఫ్టుకి ఒక హార్డ్‌నెస్, కింది దానికి మరొకటి వస్తుంది. 600 డిగ్రీల లోపు రేడియేషన్‌కి బలం తక్కువ, జాబ్‌ని, అంటే లోపల పెట్టిన ముక్కని, వేడెక్కించాల్సింది తిరిగే గాలే. కాబట్టి బడ్జెట్‌లో ఫ్యాన్‌ది మొదటి వాటా.

ముందు లెక్క. 200 కిలోల ఉక్కు, 40 కిలోల బాస్కెట్, గంటన్నరలో 30 నుంచి 550 డిగ్రీలకు చేరాలి. బరువు × ఉక్కు విశిష్టోష్ణం × పెరగాల్సిన డిగ్రీలు: 240 × 0.55 × 520 = 68,640 కిలోజౌళ్లు. 5,400 సెకన్లతో భాగిస్తే 12.7 కిలోవాట్లు. గోడలకీ తలుపుకీ పోయేది కలిపి 18 వేసుకోండి. 415 వోల్టుల త్రీ ఫేజ్‌లో లైనుకి 25 ఆంపియర్లు.

లోపలి జాగా 600 × 600 × 900 మి.మీ. లైనర్‌కి (లోపలి గోడకి) 304 స్టీలు రేకు. వేడికి 900 మి.మీ. రేకు 8 మి.మీ. పైగా సాగుతుంది. నాలుగు పక్కలా వెల్డు కొట్టేస్తే ఉబ్బిపోతుంది, అందుకే పొడుగు రంధ్రాల్లో బోల్టులు వేయండి. దాని వెనక 50 మి.మీ. సిరామిక్ బ్లాంకెట్, ఆపైన 100 మి.మీ. రాక్ వూల్. ఒక పొర అతుకు మీదికి మరో పొర అతుకు రాకూడదు. కోసేటప్పుడు మాస్క్ తప్పనిసరి.

ఇక ఫ్యాన్. గాలి లోడులోకి వెళ్లేటప్పటికీ బయటికొచ్చేటప్పటికీ తేడా 20 డిగ్రీలు దాటకూడదంటే సెకనుకి 1.9 ఘనపు మీటర్లు తిరగాలి, అంటే లోడు మీద 5 మీటర్ల వేగం. వెనక గోడ ఫ్యాన్ మధ్యలోంచి పీల్చి, పక్క బేఫిళ్ల (గాలిని దారి మళ్లించే రేకుల) వెనకున్న హీటర్ కాయిళ్ల మీదుగా తలుపు వైపు నెట్టాలి. కాయిల్ జాబ్‌కి కనిపించిందా, ఆ వైపు ముక్కలు మెత్తబడతాయి. చాలామంది తప్పేది మోటారు దగ్గర. 30 డిగ్రీల గాలి 550 డిగ్రీల గాలి కంటే 2.7 రెట్లు బరువు. వేడి గాలి లెక్కతో కొన్న మోటారు పొద్దున్నే చల్లటి ఫర్నేస్‌లో ట్రిప్ అవుతుంది. చల్లగాలికి సరిపడా మోటారు తీసుకోండి, లేదా డ్రైవ్ (మోటారు వేగం మార్చే పరికరం) పెట్టి మెల్లగా మొదలుపెట్టండి. బేరింగులు గోడ బయటే ఉండాలి.

ఫ్యాన్ ఆగితే హీటర్లు పడిపోయేలా ఇంటర్‌లాక్ కలపండి. కంట్రోల్ థర్మోకపుల్ (వేడిని కొలిచే సెన్సర్) గాలి లోడులోకి దూరే తలుపు వైపు, ఓవర్ టెంపరేచర్‌ది కాయిళ్ల పక్కన. రెండూ కె టైపే చాలు.

మొదటి వేడిలో రాక్ వూల్ బైండర్ కాలి పొగ వస్తుంది, షెడ్డు తలుపులు తీసి ఉంచండి. తర్వాత ఎనిమిది మూలల్లో, మధ్యలో మొత్తం 9 థర్మోకపుళ్లు కట్టి వేడి అంతటా సమానంగా ఉందో చూడండి. ఏరోస్పేస్ పనికి ఏఎంఎస్ 2750 (ఫర్నేస్ వేడి కొలతల ప్రమాణం) క్లాస్ 2 అంటే ±6 డిగ్రీలు, క్లాస్ 5 అయితే ±14. ఒక మూల వెనకబడితే హీటరు పెంచకండి, అక్కడి బేఫిల్ సందు సరిచేయండి. జాబ్‌ల మధ్య 25 మి.మీ. వదలండి. సోకింగ్ టైమ్‌ని (ఆ వేడి దగ్గర నిలిపి ఉంచే సమయాన్ని) మీటరు 550 చూపినప్పటి నుంచి కాదు, లోడు మధ్యలోని థర్మోకపుల్ అక్కడికి చేరినప్పటి నుంచి లెక్కపెట్టండి.