బాంబెర్గ్‌లో బీర్ సాయంత్రం: మొదటి గుక్కకే గ్లాసు పక్కన పెట్టకండి

జర్మనీలోని ఎర్లాంగెన్‌లో చదువుకునే రోజుల్లో మన ఊరి నుంచి ఎవరొచ్చినా దగ్గర్లోని బాంబెర్గ్ ఊరికి తీసుకెళ్లేవాణ్ణి. రీజనల్ రైల్లో గంటలోపు ప్రయాణం. జనాభా లక్ష కూడా లేని ఊరు, 1993 నుంచి యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో ఉంది. అక్కడి రౌఖ్‌బీర్, అంటే పొగ బీర్, ఒక గుక్క తాగి ముఖం చిట్లించి "ఇదేంట్రా, మాడిపోయింది" అని మానేసినవాళ్లను చాలామందిని చూశాను. అలా కాకూడదనే ఏ చోటు తర్వాత ఏ చోటికి వెళ్లాలో ఈ వరుస చెబుతున్నాను.

స్టేషన్ నుంచి ఊళ్లోకి నడిచే దారిలోనే ఓబెరె కోనిగ్‌స్ట్రాసె అనే వీధిలో ష్పెట్సియాల్ అనే బీర్ కాచి అమ్మే పబ్ ఉంటుంది. మొదలు అక్కడే పెట్టండి. దాని పొగ తేలిక, నాలుక అలవాటు పడుతుంది. పొగ అసలు వద్దనేవాళ్లకు రోడ్డుకు అటువైపే ఫెస్లా అనే మరో పబ్ ఉంది.

తర్వాత నది మధ్యలో కట్టిన పాత టౌన్‌హాల్ దాటి డొమినికానెర్‌స్ట్రాసెలోని ష్లెంకెర్లా పబ్‌కు వెళ్లండి. అరలీటరు గ్లాసును అక్కడ సైడ్లా అంటారు. చెక్క పీపా నుంచి పట్టి ఇచ్చే బీర్ నల్లగా ఉంటుంది, పైన లేత గోధుమరంగు నురగ. ముక్కు దగ్గర పెట్టుకోగానే నాకు అమ్మమ్మ వంటింటి కట్టెల పొయ్యి గుర్తొస్తుంది. మొలకెత్తిన బార్లీని (దాన్నే మాల్ట్ అంటారు) బీచ్ అనే చెట్టు కట్టెల మంట మీద ఆరబెడతారు, ఆ పొగే ఇది. కొందరికి మాంసం వాసనలా అనిపిస్తుంది కానీ అందులో మాంసం ఏమీ ఉండదు, శాకాహారులు నిశ్చింతగా తాగొచ్చు. మొదటి సగం గ్లాసు మెల్లగా తాగండి. రెండో గ్లాసుకు పొగ వెనక్కి తగ్గి, మాల్ట్ తీపి తెలుస్తుంది. ఆల్కహాల్ 5 శాతం పైనే, కాబట్టి ఖాళీ కడుపుతో వద్దు. మాంసం తిననివాళ్లు ఒబాట్స్‌డా అనే చీజ్ ముద్ద, రొట్టె అడగండి.

విడిగా ఖాళీ టేబుల్ దొరకడం కష్టం. అందరూ కలిసే కూర్చుంటారు. "ఇస్ట్ హీయర్ నోఖ్ ఫ్రై?" (ఇక్కడ ఖాళీ ఉందా?) అని అడిగి కూర్చోండి. ష్టామ్‌టిష్ అని బోర్డున్న టేబుల్ మాత్రం రోజూ వచ్చేవాళ్లది, అక్కడ వద్దు. గ్లాసులు తగిలించేటప్పుడు ఎదుటివాళ్ల కళ్లలోకి చూడాలి. నాకు జర్మన్ మాట్లాడే ధైర్యం వచ్చింది తరగతిలో కాదు, ఆ బల్లల దగ్గరే. ముసలాయన ఒకాయన నా తప్పులు సరిదిద్దుతూ రెండు గంటలు కబుర్లు చెప్పారు.

వేసవైతే ష్లెంకెర్లాకు ముందు ష్టెఫాన్స్‌బెర్గ్ గుట్ట ఎక్కండి. పూర్వం బీర్ చల్లగా ఉండేందుకు గుట్టలో సొరంగాలు తవ్వి, పైన నీడకు చెట్లు నాటారు. ఆ చెట్ల కిందే ఇప్పుడు బెంచీలు. కెల్లర్ అంటే నేలమాళిగ, ఇలాంటి చోట్లను అదే పేరుతో పిలుస్తారు. అందుకే అక్కడివాళ్లు కెల్లర్ "లోకి" అనరు, కెల్లర్ "మీదికి" వెళ్తున్నాం అంటారు. ష్పెట్సియాల్ కెల్లర్ నుంచి చర్చి గోపురాలు, ఎర్ర పెంకుల ఇళ్లు అన్నీ కనిపిస్తాయి.

ఇంకా ఓపికుంటే కుర్రకారు బార్లన్నీ ష్లెంకెర్లా పక్కనే జాండ్‌స్ట్రాసెలో ఉన్నాయి. జేబులో నోట్లు ఉంచుకోండి, కార్డు అన్నిచోట్లా నడవదు. చాలా చోట్ల గ్లాసు కింది అట్ట మీద పెన్సిల్‌తో గీతలు పెడతారు, గ్లాసుకొక గీత. అదే మీ బిల్లు, చింపకండి. బిల్లు 18.40 యూరోలు అయితే "20" అని చెప్పి ఇవ్వండి, టిప్ ఇచ్చే పద్ధతి అదే. ఆఖరి రైలు టైము మాత్రం మొదటి గ్లాసుకు ముందే చూసి పెట్టుకోండి.