కారవాన్ మురుగు ట్యాంకులు ఖాళీ చేయడం ఎలా?

పడక, వంటిల్లు, టాయిలెట్ అన్నీ లోపలే ఉండే బండి, అంటే కారవాన్, అద్దెకు తీసుకుని రెండు రోజులు గండికోట వెళ్లొచ్చాం. బెంగళూరులోకి అడుగు పెట్టగానే మా బావమరిది అడిగాడు, "బావా, కింద ట్యాంకులో ఉన్నదంతా ఇప్పుడు ఎక్కడ పోస్తావ్?" నిజానికి బయల్దేరేముందే అడగాల్సిన ప్రశ్న అది.

బండి కింద సాధారణంగా రెండు ట్యాంకులుంటాయి. టాయిలెట్‌ది బ్లాక్ ట్యాంకు. సింకు, స్నానం నీళ్లు చేరేది గ్రే ట్యాంకు. అమెరికాలోలా వీటికోసం కట్టిన డంప్ స్టేషన్లు మనకు దారి పొడవునా కనిపించవు. అందుకే అద్దెకిచ్చిన వాళ్ల యార్డులో ఖాళీ చేసుకునే వీలుందేమో ముందే అడగండి. లేకపోతే సొంతింటి డ్రైనేజీ చాంబరో, సెప్టిక్ ట్యాంకో చూసుకోవాలి. అపార్ట్‌మెంటైతే అసోసియేషన్ అనుమతి తప్పనిసరి. అక్కడి ఎస్‌టీపీ (మురుగునీటి శుద్ధి ప్లాంటు) నడిచేదే బ్యాక్టీరియా మీద. ట్యాంకులో ఫినాయిలో, ఫార్మాలిన్ ఉన్న కెమికలో పోసి ఉంటే ఆ బ్యాక్టీరియా చచ్చిపోతుంది. బయో ఎంజైమ్ ద్రవమైతే ఆ గొడవ ఉండదు.

రోడ్డు పక్క కాలువలో మాత్రం వదలకండి. అది వాన నీటి కోసం. ఆ నీళ్లు రాజకాలువల (బెంగళూరులోని పెద్ద వాన నీటి కాలువల) గుండా చెరువుల్లోకే పోతాయి. నురగ కక్కి, 2017లో మంటలు కూడా లేచిన బెళ్లందూరు చెరువును చూసినవాళ్లకు ఇంతకంటే చెప్పక్కర్లేదు.

ఇక పనిలోకి దిగుదాం. పొడవాటి రబ్బరు గ్లౌజులు, పాత చెప్పులు, మురుగుకు మాత్రమే వాడే లావు పైపు, రెండు బకెట్ల నీళ్లు దగ్గర పెట్టుకోండి. తాగే నీళ్ల పైపును ఈ ఛాయలకే రానివ్వకండి.

1. రెండు వాల్వులూ మూసి ఉన్నాయో లేదో చేత్తో నొక్కి చూడండి. ఆ తర్వాతే బయటి మూత తీయాలి. నేను ఇది మర్చిపోయాను. ప్యాంటు పారేయాల్సి వచ్చింది.

2. పైపు ఒక కొస బండికి బిగించి, రెండో కొస చాంబర్‌లోకి లోతుగా దించి, పైన ఇటుక పెట్టండి. ఒక్కసారిగా నీళ్లు తోసుకొచ్చినప్పుడు పైపు పాములా లేస్తుంది. చాంబర్ మీదకు వంగి చూడొద్దు, దగ్గర్లో సిగరెట్ వద్దు. లోపలి గ్యాస్ ప్రమాదకరం.

3. ముందు బ్లాక్ వాల్వును పూర్తిగా తెరవండి. సగం తెరిస్తే నీళ్లు జారిపోయి గట్టిది లోపలే ఉండిపోతుంది. శబ్దం ఆగాక మూసి, టాయిలెట్‌లో రెండు బకెట్లు పోసి, మళ్లీ తెరవండి. వచ్చే నీళ్లు తేరుకునేదాకా ఇలాగే చేయాలి.

4. ఆ తర్వాతే గ్రే వాల్వు. ఆ సబ్బు నీళ్లే పైపును కడిగేస్తాయి. వరస తప్పితే పైపు చివరికి ఏ స్థితిలో మిగులుతుందో ఊహించుకోండి.

5. వాల్వులు మూసి, ముందు బండి వైపు పైపు ఊడదీయండి. దాన్ని పైకెత్తి, మిగిలిందంతా చాంబర్‌లోకి జారనిచ్చి, మంచి నీళ్లతో కడిగి, విడిగా దాచండి.

బ్లాక్ ట్యాంకు మూడింట రెండు వంతులైనా నిండేదాకా దాని వాల్వు తెరవకండి. ఎప్పుడూ తెరిచి ఉంచితే నీళ్లన్నీ పోయి, అడుగున గుట్ట గట్టిపడుతుంది. మనం కాగితం కాకుండా నీళ్లు వాడతాం కాబట్టి ట్యాంకు త్వరగా నిండుతుంది, కానీ అడ్డుపడటం తక్కువ. వెట్ వైప్స్ మాత్రం వద్దే వద్దు.

విచిత్రంగా, మాకు ఎక్కువ కంపు కొట్టింది గ్రే ట్యాంకే! సాంబారు, మెతుకులు, కరివేపాకు అన్నీ సింకులోకే పోయాయి మరి. సింకుకు జాలీ పెట్టి, కంచాలు తుడిచాకే కడగండి.

చాంబర్ పొంగితే మురుగును పైపుతో పీల్చేసే హనీ సక్కర్ లారీని పిలవండి. రక్షణ పరికరాలు లేకుండా మనిషిని లోపలికి దించడం 2013 చట్టం ప్రకారం నేరం.

అంతా అయ్యాక బ్లాక్ ట్యాంకులో ఒక బకెట్ నీళ్లు, కొంచెం ఎంజైమ్ ద్రవం పోసి ఉంచండి. ట్యాంకు ఎంత నిండిందో చూపే మీటరు ఇంకా పావు వంతు ఉందని చూపిస్తే కంగారు పడకండి. లోపలి సెన్సార్‌కు ఏదో అంటుకుని ఉంటుంది.