పక్క ప్లాట్‌లో సెల్లార్ తవ్వకం, ఇంటి గోడకు పగులు: ముందు గుంతలోకి కారే నీళ్లు చూడండి

లక్షణాలు అందరికీ తెలిసినవే. పక్కింటి కిటికీ మూల నుంచి ఏటవాలు పగులు, బిగుసుకుపోయే తలుపు, గుంత అంచు వెంట నేలమీద నెర్రె. పగులు గంటగంటకూ పెరుగుతుంటే కారణం వెతుకుతూ కూర్చోకండి. ఇంట్లోవాళ్లను బయటికి పంపించి, గుంత గోడ అడుగున మట్టి తిరిగి పోయించండి.

నిదానంగా పెరుగుతుంటే, అది పాతదేమో చూడండి. లోపల దుమ్ము, సున్నం ఉంటే పాతదే. రెండు కొసల దగ్గరా పెన్సిల్ గీత పెట్టి తేదీ వేయండి.

గుంత గోడ పైభాగం ముందుకు వస్తోంది: యాంకర్లు (గోడను వెనక నేలలోకి పట్టి ఉంచే స్టీలు కడ్డీలు) బిగించకుండానే కింది దశ తవ్వేసి ఉంటారు, లేదా అంచున టిప్పర్లు, స్టీలు పెట్టి ఉంటారు. బరువు తీయించండి, గోడకు ఆనించి మట్టి పోయండి, యాంకర్లు బిగించాకే మళ్లీ తవ్వండి.

గోడ కదల్లేదు, గోడ ఒరుగుతోందా అని కొలిచే ఇన్‌క్లినోమీటర్ రీడింగ్ బాగానే ఉంది, అయినా ఇల్లు కుంగుతోంది: నన్ను ఎన్నో సైట్లలో ఏడిపించింది ఇదే. హైదరాబాద్‌లో చాలాచోట్ల పైన మొరం, కింద గ్రానైట్. నీరు రాయిలోకి తేలిగ్గా ఇంకదు, దాని మీదుగా జారి పైల్స్ (గుంత అంచు వెంట దింపిన స్తంభాలు) మధ్య సందుల్లోంచి గుంతలోకి వస్తుంది. వస్తూ మొరంలోని సన్న ఇసుకను లాక్కొస్తుంది. షోరింగ్, అంటే మట్టిని ఆపే ఆ గుంత గోడ, నిక్షేపంగా నిలబడే ఉంటుంది, దాని వెనక పునాది కింద మాత్రం బోలు పడుతుంది.

అందరూ పైల్స్ కొలుస్తారు, నీళ్లు మాత్రం చూడరు. సంప్‌లో (గుంత అడుగున నీరు చేరే గుంటలో) నీళ్లు పనివాళ్ల కాళ్లకే బురదవుతాయి కాబట్టి, గుంత గోడలోంచి కారే చోటే సీసా పెట్టి పట్టండి. అరగంట కదపకుండా ఉంచండి. అడుగున ఇసుక పేరుకుంటే మట్టి పోతున్నట్టే. పక్కింట్లో గచ్చు మీద నాణెంతో కొట్టుకుంటూ వెళ్లండి, బోలు ఉన్నచోట శబ్దం మారుతుంది.

ఎండాకాలంలోనూ ధార ఆగడం లేదంటే పక్కింటి డ్రైనేజీని అనుమానించండి. నేల కాస్త కదిలినా పాత పైపు జాయింటు విడిపోతుంది, ఆ లీకుతో ఇంకా మట్టి పోతుంది, నేల ఇంకా కదులుతుంది. చాంబర్‌లో రంగు కలిపి నీళ్లు పోయండి. గుంతలో ఆ రంగు కనబడితే దొరికినట్టే.

ఇక్కడ చాలామంది సిమెంటుతో ధారను మూసేస్తారు. దయచేసి ఆ పని చేయకండి. వెనక నీరు నిండి గోడ మీదే ఒత్తిడి పెరుగుతుంది, లేదా పక్క సందులోంచి కొత్త ధార పుడుతుంది. జియోటెక్స్‌టైల్ గుడ్డ ఆనించి, దాని ముందు కంకర, ఇసుక బస్తాలు పేర్చండి. నీరు రావాలి, ఇసుక ఆగాలి. సీసాలో నీరు తేటగా వచ్చాక డ్రైనేజీ పైపు మార్పించండి, ఆ తర్వాతే బోలులోకి సిమెంట్ గ్రౌట్ (పల్చగా కలిపిన సిమెంటు) తక్కువ ప్రెషర్‌తో పంపండి. ప్రెషర్ ఎక్కువైతే గచ్చు లేస్తుంది.

రాయి పగలగొట్టే బ్రేకర్ అదురు, నల్లరేగడి ఉబ్బడం కూడా కారణాలే, కానీ అరుదు. పైవన్నీ చూశాకే వాటి జోలికి వెళ్లండి.

గ్రౌటింగ్ అయ్యాక, ఇల్లు కుంగుతోందా అని కొలిచే లెవెల్ రీడింగులు కనీసం రెండు వారాలు నిలకడగా ఉండే దాకా పగులు మీద ప్లాస్టర్ వేయనివ్వకండి. ఇంటి ఓనర్ తొందరపెట్టినా సరే. పగులు కప్పేస్తే, ఇల్లు మళ్లీ కదిలినా మీకు వెంటనే తెలియదు.